దయచేసి తలుపు మెల్లగా వేయండి

డోర్ క్లోజర్ బిగించిన తలుపు ఎక్కడ కనిపించినా దాని మీద ఒక కాగితం కూడా కనిపిస్తుంది: ‘దయచేసి తలుపు మెల్లగా వేయండి’. నాలుగు మూలలా సెల్లో టేపు, కింద చేతులు జోడించిన బొమ్మ. ఆ విన్నపం ఎవరికో నాకు అంతుబట్టదు. తలుపు వేసేది మనిషి కాదు కదా! మనిషి లోపలికొచ్చి, చెయ్యి వదిలేసి, నాలుగడుగులు వేశాక వెనకాల ధడేల్‌మని కొట్టుకుంటుంది. కొట్టేది పైన బిగించిన యంత్రం. తిట్లు తినేది మాత్రం ముందు నడుస్తున్న మనిషి. మీటింగులో ఉన్నవాళ్లంతా తలలు తిప్పి అతన్ని చూస్తారు. అతను ‘సారీ’ అంటాడు. యంత్రం ఏమీ అనదు.

ఆ యంత్రం పెట్టెలో బ్రహ్మవిద్యేమీ లేదు. ఒక స్ప్రింగు, ఒక పిస్టను, కొంచెం నూనె. మనం తలుపు తెరిచినప్పుడు స్ప్రింగు నొక్కుకుంటుంది. అంటే తలుపు మూయడానికి కావలసిన బలం మనమే తెరుస్తూ దానికి అప్పిస్తున్నాం. మనం వదిలేశాక స్ప్రింగు ఆ అప్పు తీర్చుకోబోతుంది, నూనె అడ్డుపడుతుంది. సన్నటి దారిలోంచి నూనె ఎంత నెమ్మదిగా జారితే తలుపు అంత నెమ్మదిగా మూసుకుంటుంది. ఆ దారిని ఇరుకు చేసేదీ వెడల్పు చేసేదీ పెట్టె పక్కన కనిపించే చిన్న స్క్రూ. మామూలుగా రెండుంటాయి. మొదటిది తలుపు బార్లా తెరిచిన దగ్గర్నుంచి చివరి పది పదిహేను డిగ్రీల దాకా వేగం చూసుకుంటుంది. రెండోది ఆ చివరి ముక్కని, అంటే గడియ పడే చోటుని చూసుకుంటుంది. ధడేల్ శబ్దమంతా ఈ రెండో స్క్రూ పుణ్యమే. చాలా రకాల్లో కుడివైపుకి పావు చుట్టు తిప్పితే చాలు, శబ్దం పోతుంది. అర నిమిషం పని.

ఆ అర నిమిషం మన ఆఫీసుల్లో ఎవరి దగ్గరా ఉండదు. అడ్మిన్‌కి మెయిల్ వెళ్తుంది. అడ్మిన్ వాళ్లు ఫెసిలిటీ వాళ్లకి పంపిస్తారు. ఫెసిలిటీ వాళ్లు వెండరుకి ఫోన్ చేస్తే, ఏఎంసీలో, అంటే ఏడాది నిర్వహణ ఒప్పందంలో, ఏసీలు, లిఫ్టులు ఉన్నాయి గానీ తలుపులు లేవంటాడు. ఈ లోపు ఎవరో చురుకైన ఉద్యోగి కాగితం ప్రింటు తీసి అంటిస్తాడు. కాగితం చిరిగిపోతే లామినేషన్ చేయిస్తారు. లామినేషన్‌కి వోచరు రాస్తారు, సంతకాలవుతాయి, డబ్బు మంజూరవుతుంది. స్క్రూ డ్రైవరుకి మాత్రం బడ్జెట్ ఉండదు.

ఎవరైనా సాహసించి తిప్పారే అనుకోండి, పావు చుట్టుతో ఆగరు. ‘ఇంకొంచెం వదులు చేద్దాం’ అని ఎడమకి తిప్పుతూ పోతారు. స్క్రూ పెట్టె అంచు దాటి బయటికొచ్చిందంటే దాని వెనకే నూనె చిమ్ముతుంది, సరిగ్గా తెల్ల చొక్కా మీదికి. అప్పుడు రంగంలోకి మెకానిక్ గారు దిగుతారు. ‘ఏం ఫరవాలేదు సార్, ఆయిల్ పోస్తే సరి’ అంటారు. ఏ ఆయిల్? కుట్టు మిషన్‌ది, బండిది, మొన్నటి దీపావళికి మిగిలిన నువ్వుల నూనె, చేతికి ఏది తగిలితే అది. నూనె కారిపోయిన క్లోజరుని మార్చుకోవలసిందే. కంపెనీలో నింపే నూనె చిక్కదనం వేరు, అది లోపల గాలి లేకుండా నిండి ఉండాలి. పైనుంచి పోసిన నూనె రెండు రోజులు మర్యాదగా పనిచేసినట్టు నటించి, మూడో రోజు ద్వారబంధం వెంట చారలుగా దిగుతుంది. అప్పుడు ఇంకో కాగితం: ‘తలుపు ముట్టుకోకండి, ఆయిల్ అంటుతుంది’.

కొనేటప్పటి తెలివితేటలు వేరే. హార్డ్‌వేర్ షాపులో కుర్రాడు ‘హెవీ డ్యూటీ తీసుకోండి సార్, లైఫ్ లాంగ్’ అంటాడు. హెవీ అన్న మాట వినగానే మన ఛాతీ కాస్త ఉబ్బుతుంది. నిజానికి క్లోజరు సైజు తలుపు వెడల్పుని బట్టి, బరువుని బట్టి ఉంటుంది. ఐరోపా ప్రమాణం ఈఎన్ 1154 ఒకటి నుంచి ఏడు దాకా సైజులు చెప్పింది. సైజు 3 అంటే 950 మిల్లీమీటర్ల వెడల్పు, 60 కిలోల బరువు దాకా. మన ఇళ్లలో మూడడుగుల తలుపు మామూలుగా ఇందులో ఇమిడిపోతుంది. మన దేశానికీ ఐఎస్ 3564 అని ఒక ప్రమాణం ఉంది. షాపులో దాని పేరెత్తితే కుర్రాడు ‘అది స్టాకు లేదు సార్’ అంటాడు.

హెవీ డ్యూటీ తెచ్చి తేలిక తలుపుకి పెడితే ఏమవుతుందో చూడాలంటే ఏదైనా క్లినిక్‌కి వెళ్లండి. ఒక చేత్తో రిపోర్టుల కవరు, ఇంకో చేత్తో చేతికర్ర పట్టుకున్న ముసలావిడ తలుపుని భుజంతో తోస్తుంటుంది. తలుపు ఆవిణ్ణి తిరిగి తోస్తుంటుంది. గెలిచేది తలుపే. రిసెప్షన్‌లో అమ్మాయి ‘గట్టిగా తోయండి మామ్మగారూ’ అని ప్రోత్సహిస్తుంది. అమెరికాలో వికలాంగుల చట్టం కింద వచ్చిన ప్రమాణాలు ఈ సంగతి అంకెల్లో రాసేశాయి. మంటా పొగా పాకకుండా ఆపే ఫైర్ డోర్లని మినహాయిస్తే, లోపలి తలుపు తెరవడానికి ఐదు పౌండ్లకు మించిన బలం పట్టకూడదు. 90 డిగ్రీల నుంచి 12 డిగ్రీలకు రావడానికి కనీసం 5 సెకన్లు తీసుకోవాలి. మన తలుపులు అదే దూరం ఒక్క తుమ్ములో వచ్చేస్తాయి.

బిగింపు గురించి ఎక్కువ చెప్పను, బీపీ పెరుగుతుంది. పెట్టెతో పాటు వచ్చే టెంప్లేటు కాగితం, అదే ఎక్కడ రంధ్రం పెట్టాలో గీసి ఉన్నది, బిగించేవాడి టీ గ్లాసు కిందికి పోతుంది. ఫ్లష్ డోర్‌కి ఇవతల నుంచి అవతలికి బోల్టు దూర్చకుండా చెక్క స్క్రూలు కొడతారు. ఆర్నెల్లలో పెట్టె ఊడి, దాన్ని ద్వారబంధానికి కలిపే చేతి మీద వేలాడుతుంది. బందులు వదులై తలుపు నేలకి రాసుకుంటున్నా ‘క్లోజరు లాగట్లేదు సార్, ఇంకొంచెం టైట్ చేద్దాం’ అంటారు. ముందు క్లోజరు చెయ్యి విప్పేసి, తలుపుని చేత్తో ఊపి చూడాలి. అప్పుడు కూడా అది రాసుకుంటుంటే జబ్బు బందులది.

ఇన్ని అవస్థల తర్వాత వచ్చే తుది పరిష్కారం ఇటుక. వేలు పోసి తలుపు తనంతట తాను మూసుకునే యంత్రం కొని, అది మూసుకోకుండా ఇటుక అడ్డం పెడతాం. కొన్ని అపార్టుమెంట్లలో ఆ ఇటుకకి సున్నం కూడా వేస్తారు. తలుపు తెరిచి ఉంచేది గాలి కోసమట.

ఇక్కడి దాకా నవ్వుకోవచ్చు. ఆ ఇటుక మెట్ల దగ్గరి ఫైర్ డోర్ కింద ఉంటే మాత్రం నవ్వు రాదు. 2022 జనవరి 9న న్యూయార్క్ బ్రాంక్స్‌లో 19 అంతస్తుల భవనంలో ఒక ఫ్లాటులో రూమ్ హీటరు అంటుకుంది. మంట ఆ ఫ్లాటు, దాని ముందు నడవా దాటి పెద్దగా రాలేదు. ఫ్లాటు తలుపు దానంతట అది మూసుకోలేదు, పొగ భవనమంతా పాకింది. 17 మంది చనిపోయారు, అందరూ పొగకే. లండన్ గ్రెన్‌ఫెల్ టవర్‌లో 2017లో 72 మంది పోయాక జరిగిన విచారణలో కూడా పనిచేయని, అసలు లేని క్లోజర్ల ప్రస్తావన వచ్చింది. మన 2016 జాతీయ భవన కోడ్ కూడా ఫైర్ డోర్లు తమంతట తామే మూసుకోవాలనే చెబుతుంది. తలుపు తెరిచే ఉంచక తప్పని చోట అయస్కాంతంతో పట్టి ఉంచే పరికరాలున్నాయి. ఫైర్ అలారం మోగగానే అవి వదిలేస్తాయి, తలుపు మూసుకుంటుంది. ఇటుకకి అలారం వినపడదు.

అపార్టుమెంటు సంఘం కార్యదర్శి గారూ, ఈ ఆదివారం మెట్ల దగ్గరి తలుపులన్నీ ఒక్కొక్కటే తెరిచి వదిలి చూడండి. గడియ పడేదాకా వెళ్లని తలుపు కనిపిస్తే ముందు దాన్ని బాగు చేయించండి. గేటుకి రంగులు వచ్చే ఏడాది వేయించుకోవచ్చు.