ఫిర్యాదు ముగింపు వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: గోడల వలన వేగము తగ్గును. మా వైపు సమస్య లేదు. మీ ఫిర్యాదు ముగించబడినది.

అవతారిక: 200 ఎంబీపీఎస్ ప్లాన్‌కు డబ్బు కట్టి నట్టింట్లో 38తో కాలక్షేపం చేసే హైదరాబాదు ఫ్లాటు గృహస్థుడు కస్టమర్ కేర్‌ను శరణు వేడగా, ఇంటర్నెట్ కంపెనీవారు పరమ కారుణికులై ఎస్సెమ్మెస్‌గా అనుగ్రహించిన వాక్యత్రయమిది.

టీక: 'గోడ', 'వేగము' సుగమాలు, వదిలేస్తున్నాం. 'వలన' దగ్గర ఆగాలి. పంచమీ విభక్తి, హేత్వర్థం. హేతువు పేరెత్తాక తర్కసంగ్రహం తెరవక తప్పదు. అది రాసిన అన్నంభట్టు మనవాడే. కాశీకి వెళ్ళినంత మాత్రాన ఎవడూ అన్నంభట్టు కాలేడని సామెత కూడా పుట్టించుకున్నవాడు. తన గ్రంథాన్ని ఎవరెలా పాడుచేస్తారోనని కాబోలు, 'దీపిక' అని తానే వ్యాఖ్య రాసుకున్నాడు. కొండ మీద నిప్పుందనడానికి ఊరికే పొగ చూపిస్తే నైయాయికులు ఒప్పుకోరు. పొగ ఉన్నచోటల్లా నిప్పుండాలి, వంటింట్లో ఉన్నట్టు. నిప్పు లేనిచోట పొగ ఉండకూడదు, మడుగులో లేనట్టు. కార్యకారణాల దగ్గర వీళ్ళు మరీ గట్టివాళ్ళు. కుండ తయారయ్యేచోట మట్టి మోసిన గాడిద నిలబడి ఉన్నా, అది కుండకు కారణం కాదు పొమ్మన్నారు. అన్యథాసిద్ధమని దానికి పేరు. ఆ గాడిద మీద జరిగిన చర్చ చదువుతుంటే పూట గడిచిపోతుంది...

వైఫై సంగతి కదూ. రౌటర్ పక్కనే స్టూలు వేసుక్కూర్చున్నా 45 దాటడం లేదు. మధ్య గోడ లేదు, నెమ్మది మాత్రం ఉంది. ఇది వ్యతిరేక వ్యభిచారం. పడగ్గదిలో గోడ మరికాస్త తినేస్తుంది, కాదనం. అసలు లోటు దగ్గర మాత్రం అది కుమ్మరి గాడిదే.

మరి కారణమేది? కంపెనీ 'ఉచితంగా' బిగించిన పెట్టె. దానికున్నది 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే. అందులో ఒకదానికొకటి అడ్డుపడని ఛానళ్ళు మూడు, 1, 6, 11. వాటి మీదే అపార్ట్‌మెంటు మొత్తం వేలాడుతుంది. ఒకే యాంటెన్నాతో, 20 మెగాహెర్ట్జ్ వెడల్పులో ఈ పాత వైఫై కాగితం మీదే 72 ఎంబీపీఎస్. చేతికందేది ఇంకా తక్కువ. పోనీ తీగ తగిలిద్దామా అంటే ల్యాన్ పోర్టు 100తో ఆగిపోతుంది. అంటే ఈ పెట్టెతో ఏ మూల కూర్చున్నా 200 రాదు. ఇది తెలిసే అమ్మారు.

'మా వైపు': ఈ వైపు ఎక్కడ ముగుస్తుందో వ్యాఖ్యాతకు అంతుపట్టలేదు. పెట్టె వాళ్ళది, మీద స్టిక్కర్ వాళ్ళది, లోపలి అడ్మిన్ పాస్‌వర్డ్ వాళ్ళది. సొంత రౌటర్ కొనుక్కుంటాం, దీన్ని బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టండి బాబూ అంటే 'పాలసీ లేదు సార్'. డ్యూయల్ బ్యాండ్ కావాలంటే పెద్ద ప్లాన్‌కు మారాలట. చేతగాని పెట్టె ఇచ్చి, చేతనైనదానికి మళ్ళీ వసూలు!

'ముగించబడినది': కర్మణి ప్రయోగం తెలుగుకు సహజం కాదంటారు. ఇక్కడ తప్పనిసరి, కర్త ఫోనెత్తడు.

తాత్పర్యం: ప్రభుత్వం 2023లో బ్రాడ్‌బ్యాండ్ కనీస వేగాన్ని 2 ఎంబీపీఎస్‌గా నిర్ణయించింది కాబట్టి 38 కూడా చట్టం దృష్టిలో మహాభాగ్యమే. కనుక పాఠకులారా, కనెక్షన్ బిగించే అబ్బాయి మెట్లు దిగకముందే అడగండి: 5 గిగాహెర్ట్జ్ ఉందా, పోర్టు గిగాబిట్‌దేనా? రెండిటికీ లేదంటే 200 ప్లాన్‌కు డబ్బు కట్టకండి.