డాబా మీద వేలం, ఒళ్ళో ల్యాప్‌టాప్

ధవళేశ్వరంలో ఐపీఎల్ ఉత్తుత్తి వేలంపాట నడుపుకునే మిత్రబృందానికి మొదటి తగువు ఆటగాళ్ళ దగ్గర రాదు, ప్లగ్గుల దగ్గర వస్తుంది. డాబా మీదకి లాగిన జంక్షన్ బాక్సుకి ఉన్నవి నాలుగు కన్నాలు. వచ్చిన ల్యాప్‌టాప్‌లు ఎనిమిది. ఒక కన్నం టేబుల్ ఫ్యానుది, అది ఇంటివారి హక్కు. ఇంకోటి దోమల మందు మిషనుది, గోదావరి గట్టున కాపురం ఉంటున్న ప్రతివాడి హక్కు. మిగిలిన రెండింటి కోసం జరిగే పాట, తర్వాత జరిగే అసలు పాటకన్నా రసవత్తరంగా ఉంటుంది.

ఇలాంటి బృందాలు ఇప్పుడు ఊరికొకటి కనిపిస్తున్నాయి. తలా ఒక జట్టు, తలా 120 కోట్ల ఉత్తుత్తి పర్సు. నిజం ఐపీఎల్ 2024 నవంబరు వేలానికి జట్టుకి పెట్టిన పరిమితీ అదే కాబట్టి, డాబా మీద అంతకన్నా తక్కువ ఖర్చు పెట్టడం నామోషీ. కొన్నవాళ్ళు మైదానంలో చేసే పరుగులు, తీసే వికెట్లు ఇక్కడ పాయింట్లవుతాయి. ఈ బృందంలో ఒక బ్యాంకు బావ ఉన్నాడు. ఒక లెక్కల మాస్టారు, కడియంలో మొక్కలమ్మే నర్సరీ తమ్ముడు, వీడియో కాల్లోంచి తొంగిచూసే డల్లాస్ అల్లుడు ఉన్నారు. పాట పాడించేది ఇరిగేషన్లో రిటైరైన మావయ్య. ఆయన అందరిలా ‘ఒకటోసారి, రెండోసారి’ అనరు. ‘మొదటి ప్రమాద హెచ్చరిక’ అంటారు, కాసేపాగి ‘రెండో ప్రమాద హెచ్చరిక’ అంటారు. ఇవి గోదావరి వరద హెచ్చరికలు: ఊళ్ళోని కాటన్ బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటిది, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మూడోది వినబడితే లంకల్లోవాళ్ళు మూటాముల్లె సర్దుకుంటారు, డాబా మీదవాళ్ళు పర్సు సర్దుకుంటారు.

డబ్బు మాత్రం ఒక్క రూపాయి చేతులు మారదు. మారకూడదు కూడా. పందెం కట్టే ఆన్‌లైన్ ఆటలని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020 సెప్టెంబరులో ఆర్డినెన్సులు తెచ్చి ఆపేశాయి. 2025 ఆగస్టులో కేంద్రం చట్టం చేసి దేశమంతటా కట్టేసింది. కాబట్టి ఇక్కడ ఓడినవాడు అందరికీ మిరపకాయ బజ్జీలు తినిపించాలన్నంత వరకే ఒప్పందం. బజ్జీ పందెం కిందకి వస్తుందా రాదా అన్నది బృందంలో తేలలేదు. ప్లీడరు గారిని అడిగితే ఫీజు అడుగుతారన్న భయంతో ఎవరూ అడగలేదు.

నిజానికి డెల్టాలో పుట్టినవాడికి వేలం పాడటం ఎవరూ నేర్పక్కర్లేదు. రేవు పాటలు, చేపల చెరువుల పాటలు, దేవుడి మాన్యాల కౌలు పాటలు చూస్తూ పెరిగినవాళ్ళే అందరూ. ధరావతు కట్టడం, హెచ్చుపాటదారుడు రుమాలుతో మెడ తుడుచుకోవడం, ఓడినవాడు ‘నాకసలు ఆసక్తే లేదు’ అంటూ బండి స్టార్టు చేయడం, అంతా కంఠతా వచ్చిన విద్య. చీటీ పాటలో అయితే ఎవరింట్లో పెళ్ళి కుదిరిందో తెలిసినవాడే మొనగాడు. పాపం ఆ పిల్ల తండ్రి ఎంతకైనా తగ్గి పాడతాడు. ఈ సమాచారం ఎక్సెల్ షీటులో ఏ గడిలోనూ ఉండదు, అరుగు మీద ఉంటుంది.

అలాంటి వాళ్ళ మధ్యకి ల్యాప్‌టాప్ ఎందుకొచ్చింది?

అందుకు అమెరికా దాకా వెళ్ళిరావాలి. 1980లో డేనియల్ ఓక్రెంట్ అనే రచయిత, న్యూయార్కులో ‘లా రొటిస్సరీ ఫ్రాన్సేజ్’ అనే హోటల్లో భోజనాలకి కూడే మిత్రులతో కలిసి ఉత్తుత్తి బేస్‌బాల్ లీగు పెట్టాడు. హోటలు మూతపడింది గానీ దాని పేరు ఆటకి నిలిచిపోయింది, రొటిస్సరీ బేస్‌బాల్ అని. అంతకి ముందు 1960లోనే విలియం గామ్సన్ అనే సామాజికశాస్త్రవేత్త తోటివాళ్ళతో ఇలాంటిదొకటి ఆడాడు. చదువుకున్నవాళ్ళు ఆడుతున్నారు కదా, జూదమంటారేమోనని దానికి ‘బేస్‌బాల్ సెమినార్’ అని పేరు పెట్టుకున్నారు. బజ్జీల సంగతి తేల్చుకోలేని మన బృందానికి ఈ కిటుకు తట్టలేదు. ఓక్రెంట్ బృందం మొదట్లో పేపర్లో అచ్చయిన అంకెలు చూసి లెక్కలన్నీ చేత్తోనే కట్టుకునేది. గెలిచినవాడి నెత్తిన యూహూ అనే చాక్లెట్ పానీయం గుమ్మరించడం వాళ్ళ ఆచారం. దీన్ని అనుసరించి రాజమండ్రి రోజ్ మిల్కు తెద్దామని డల్లాస్ అల్లుడు ప్రతిపాదిస్తే బృందం ఏకగ్రీవంగా తోసిపుచ్చింది. అంత మంచి రోజ్ మిల్కు నెత్తిన పోసేంత పాపం గోదావరి జిల్లాల్లో ఎవరూ చేయరు.

రొటిస్సరీ ఆట పుట్టడానికి ఒక ఏడాది ముందే, 1979లో, విజికాల్క్ వచ్చింది. గడులు గీసి అంకెలు పోస్తే కూడికలు తనే చేసిపెట్టే, పర్సనల్ కంప్యూటర్లకి వచ్చిన మొదటి పట్టీ అది. 1981లో ఆస్బోర్న్ వన్ అని చేత్తో మోసుకెళ్ళే కంప్యూటరూ వచ్చింది. బరువు దాదాపు 11 కిలోలు, అంటే వేలానికి వెళ్ళేవాడు దాంతోపాటు ఒక కూలీని కూడా తీసుకెళ్ళాలి. ఆ బరువు తగ్గుతూ తగ్గుతూ ఒళ్ళోకి వచ్చేసరికి, ఆ గడులూ ఈ ఆటా ఒకదానికొకటి అతుక్కుపోయాయి.

ల్యాప్‌టాప్ వట్టి అలంకారమంటే అన్యాయం. అమెరికా లీగుల్లో నేటికీ చెల్లే లెక్క ఒకటుంది: 260 డాలర్లతో 23 మందిని కొనాలి, ఎవరికైనా కనీసం ఒక డాలరు పెట్టాలి. చేతిలో 40 డాలర్లు మిగిలి పది ఖాళీలు ఉంటే, ఒక్కడి మీద 31కి మించి పాడటానికి లేదు, మిగతా తొమ్మిది తొమ్మిదిమందికి అట్టే పెట్టాలి. ఈ లెక్క పగలు పదింటికి ఎవరైనా చేస్తారు. రాత్రి పదకొండింటికి, రెండో విడత టీ తర్వాత, పక్కనుంచి ఎవరో గిల్లుతుంటే లెక్కల మాస్టారు కూడా చేయలేరు. చేయలేక ఒకసారి పర్సు మించి మూడు కోట్లు పాడేశారు. ‘అప్పివ్వు బావా’ అని బ్యాంకు బావని అడిగారు. పూచీకత్తు ఏదండీ అన్నాడాయన.

చిక్కంతా ఎనిమిదిమందీ పట్టీ ఒక్కచోటి నుంచే దింపుకోవడంలో ఉంది. ఎనిమిది షీట్లలోనూ బుమ్రా ఖరీదు 18 కోట్లే, ముంబయి అతన్ని అట్టేపెట్టుకున్న సొమ్మే అది. కాబట్టి పాట 18 దాకా రైలు బండిలా వచ్చి ఆగుతుంది. డాబా మీద నిశ్శబ్దం. ఎనిమిదిమందీ తెరలోకి చూస్తారు, తెర చెప్పాల్సింది చెప్పేసింది. అప్పుడు బ్యాంకు బావ గొంతు సవరించుకుని ఇంకో పావు వేస్తాడు. ఎందుకంటే నర్సరీ తమ్ముడు తనవైపు చూసి చిన్నగా నవ్వాడు, అంతకన్నా కారణం లేదు. అక్కణ్ణుంచి 22 దాకా నడిచే పాటలో ల్యాప్‌టాప్ చేసే సాయం ఒళ్ళు వెచ్చగా ఉంచడమే.

నిజం వేలాలు చూసినా ఇదే తంతు. అక్కడ ప్రతి బల్ల మీదా ల్యాప్‌టాప్‌లు, వెనకాల గణాంకాల నిపుణులు. 2024 నవంబరు 24న జెడ్డాలో రిషభ్ పంత్ కోసం లక్నో 20.75 కోట్ల దాకా పాడింది. పాత జట్టు ఢిల్లీ, పలికిన ధరకే తన ఆటగాణ్ణి తిరిగి తీసుకునే ‘రైట్ టు మ్యాచ్’ కార్డు తీసింది. లక్నోని ఆఖరి మాట చెప్పమంటే ఒక్కసారిగా 27 కోట్లన్నారు. పావలా పావలాగా పెరుగుతున్న పాట, ఒక్క శ్వాసలో ఆరుంపావు కోట్లు గెంతింది. ఆ గెంతు ఏ సూత్రంలోంచి వచ్చిందో గానీ, 2025 సీజన్లో పంత్ మొత్తం చేసింది 269 పరుగులు, అందులో 118 ఆఖరి మ్యాచ్‌వి.

పట్టీ ఉండి కూడా బొక్కబోర్లా పడటానికి 2023 డిసెంబరు 19న దుబాయిలో పంజాబ్ కింగ్స్ చూపించిన ఉదాహరణ ఇంకా గొప్పది. శశాంక్ సింగ్ అన్న పేరు వచ్చింది, 20 లక్షలకి పాడారు, సుత్తి పడింది. తర్వాత వాళ్ళ బల్ల దగ్గర గుసగుసలు: మనం అనుకున్నవాడు ఇతనేనా? వెనక్కి తీసుకోవచ్చా అన్నట్టు అడిగితే, వేలం నడుపుతున్న మల్లికా సాగర్ సుత్తి పడిపోయిందన్నారు. ఆ పేరుతో జాబితాలో ఇద్దరున్నారని పంజాబ్ తర్వాత వివరణ ఇచ్చుకుంది. కొనాలో వద్దో తెలియకుండా కొన్న ఆ శశాంక్ 2024లో 354 పరుగులు చేశాడు. మరుసటి ఏడాదికి అదే పంజాబ్ అతన్ని అయిదున్నర కోట్లిచ్చి అట్టేపెట్టుకుంది. ఇది చెబితే ధవళేశ్వరం బృందంలో ఎవరూ ఆశ్చర్యపోరు. పెళ్ళి పిలుపుల్లో వాళ్ళ ఊళ్ళో సత్యనారాయణలు ఎంతమంది కలిసిపోతారో వాళ్ళకి తెలుసు.

వాళ్ళు ఆరాధించే వేలం జ్ఞాపకం వేరే ఉంది. 2008లో మొదటి ఐపీఎల్‌కి జట్టుకి 50 లక్షల డాలర్ల పర్సు. ఊరి పెద్ద క్రికెటరుకి ‘ఐకాన్’ హోదా ఇస్తే, జట్టులో అందరికన్నా ఎక్కువ పలికినవాడికన్నా 15 శాతం ఎక్కువ ఇవ్వాలి. హైదరాబాదు జట్టు డెక్కన్ ఛార్జర్స్‌లో ఆ హోదా వద్దనుకున్నాడు వి.వి.ఎస్. లక్ష్మణ్, ఆ సొమ్ముతో మంచి ఆటగాళ్ళని కొనుక్కోమని. తను 3,75,000 డాలర్లకి ఆడాడు. వాళ్ళు ఆండ్రూ సైమండ్స్‌ని 13.5 లక్షల డాలర్లకి కొన్నారు. ఇంత చేసినా ఆ ఏడాది జట్టు అట్టడుగున నిలిచింది, పద్నాలుగింట గెలిచింది రెండే. మరుసటి ఏడాది దక్షిణాఫ్రికాలో గిల్‌క్రిస్ట్ నాయకత్వంలో కప్పు కొట్టింది. ఈ రెండేళ్ళ మధ్య ఏ షీటు మారిందో చెప్పమని మావయ్య సవాలు చేస్తారు. మాస్టారు చెప్పబోతారు, ఆయన తెర గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది.

తెర తిరగడమన్నది ఈ వేలాల్లో పెద్ద అధ్యాయం. కరెంటు పోతే ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంటుంది, కింద వరండాలో ఉన్న వైఫై డబ్బాకి ఉండదు. అప్పుడు అందరూ ఒక్కడి ఫోను హాట్‌స్పాట్ మీద పడతారు. ‘మాస్టారూ, ఇంకో పావు వేస్తారా?’ అంటే, ‘ఆగండి, లోడవుతోంది’ అంటారు. ‘లోడయ్యేలోపు లారీ వెళ్ళిపోద్దండీ’ అంటాడు నర్సరీ తమ్ముడు. డల్లాస్ అల్లుడిది మరీ కష్టం. జెడ్డా వేలం మనకి మధ్యాహ్నం మూడున్నరకి మొదలైతే అక్కడ తెల్లవారుజాము నాలుగు. డాబా వేలానికీ అతను అలారం పెట్టుకుని లేచి కూర్చుంటాడు. లేచినా అతని గొంతు రెండు క్షణాలు ఆలస్యంగా దిగుతుంది. మూడో హెచ్చరిక అయిపోయి, ఆటగాడు అమ్ముడుపోయి, కొన్నవాడు టీ తాగుతుండగా స్పీకర్లోంచి ‘పదీ పావు’ అని వినిపిస్తుంది. సముద్రాలు దాటి వచ్చిన పాట చెల్లుతుందా అని ప్రతిసారీ పావుగంట తగువు. ఇంటి అల్లుడు కాబట్టి ఒకసారి ఒప్పుకున్నారు, అప్పట్నుంచి అతను కావాలనే ఆలస్యంగా పాడుతున్నాడని మాస్టారి ఆరోపణ.

మాస్టారికి ఇంకో బాధ కూడా ఉంది. ఆయన కళ్ళద్దాలు దళసరివి. ఎదురుగా కూర్చున్నవాళ్ళకి ఆయన అద్దాల్లో ఆయన షీటు చక్కగా కనిపిస్తుంది, కాకపోతే తిరగబడి. తిరగబడ్డ అంకెలు చదవడం బ్యాంకు బావకి కౌంటరు మీద అలవాటైన పనే.

ఏ షీటులోనూ లేని గడి ‘మనోడు’. విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డిని సన్‌రైజర్స్ మొదట 20 లక్షలకే కొంది, 2024లో వర్ధమాన ఆటగాడి బహుమతి గెలిచాక ఆరు కోట్లకి అట్టేపెట్టుకుంది. డాబా మీద అతను ఆరుకి దొరకడు. మొదటి పాటే ఎనిమిది. కాకినాడ పేసర్ సత్యనారాయణ రాజుని నిజం వేలంలో ముంబయి 30 లక్షలకి తీసుకుంటే, ఇక్కడ రెండు కోట్లు దాటాడు. పాడినవాళ్ళలో ఇద్దరికి అత్తవారిల్లు కాకినాడ. నర్సరీ తమ్ముడు ఈ బలహీనతని కనిపెట్టి ఒక పద్ధతి పెట్టుకున్నాడు. తన వంతు వచ్చినప్పుడల్లా తనకి అక్కర్లేని మనోడి పేరే లేపుతాడు, అందరి పర్సులూ ఖాళీ చేయించి వెనక్కి వాలతాడు. అతనికి ల్యాప్‌టాప్ లేదు. విత్తనాల కంపెనీ ఇచ్చిన డైరీ ఒకటి ఉంది. అయినా కాగితం గెలిచిందని కథ చెప్పడానికి వీల్లేకుండా అతను ఆరో స్థానంలో వచ్చాడు.

చివరికి మావయ్య తీర్పు చెప్పారు: పర్సుల లెక్క చూడటానికి డాబా మీద ఒకే ల్యాప్‌టాప్, అదీ పాట పాడించేవాడి దగ్గర. మిగతావాళ్ళు ఖాళీ చేతులతో రావాలి. ఫోను ల్యాప్‌టాప్ కిందకి వస్తుందా అన్న ప్రశ్నకి ఆయన జవాబివ్వలేదు గానీ ఫోన్లన్నీ మెట్ల దగ్గర పళ్ళెంలో పెట్టించారు. ఆ రాత్రి బ్యాంకు బావ చేతిలో లావుపాటి పుస్తకం కనిపించింది. ఎక్సెల్ షీటు మొత్తం ప్రింటు తీయించి, స్పైరల్ బైండింగు చేయించి, జట్టుకొక రంగు అట్ట వేయించి తెచ్చాడు. ఆయన పేజీలు తిప్పేసరికి పదకొండుమంది ఆటగాళ్ళు అమ్ముడైపోయారు. పుస్తకాల మీద నిషేధం సంగతి వచ్చే సమావేశంలో మాట్లాడతారు.