ఇంటిపేరు మారిన నాగజెముడు

నేను నాగజెముడును. అనంతపురం జిల్లాలో ఒక వేరుశనగ చేను గట్టున కంచెగా బతుకుతున్నాను. మేకలు నా జోలికి రావు, రైతు నాకు నీళ్లు పోయడు. ఊళ్లో నన్ను పట్టించుకునేవాళ్లు లేరు గానీ, నన్నూ నా వాళ్లనూ ఏ వంశంలో, ఏ శాఖలో చేర్చాలా అని వృక్షశాస్త్రవేత్తలు రెండున్నర శతాబ్దాలకు పైగా తగువులాడుకుంటున్నారు. ఆ తగువే నా కథ.

నా పూర్వీకులది కరీబియన్ దీవులూ, మెక్సికో సింధుశాఖ తీరమూ. మా కాక్టస్ కుటుంబమంతా అమెరికా ఖండాలదే. ఒక్క రిప్సాలిస్ బాక్సిఫెరా మాత్రం ఆఫ్రికాలో, మడగాస్కర్‌లో, శ్రీలంకలో కూడా సహజంగా పెరుగుతుంది. దాని గింజలను పక్షులు మోసుకెళ్లి ఉంటాయంటారు. నన్ను ఓడ ఎక్కించినవాళ్లు మాత్రం మనుషులే.

శాస్త్రవేత్తలు మాకు రెండు పదాల పేర్లు పెడతారు. తెలుగువాళ్ల పద్ధతే: ముందు ఇంటిపేరు, తర్వాత సొంతపేరు. ఇంటిపేరు ప్రజాతిది, రెండోది జాతిది. 1753లో లినేయస్ తనకు తెలిసిన 22 జాతులకూ కలిపి కాక్టస్ అనే ఒకే ఇంటిపేరు తగిలించాడు. మరుసటి ఏడాదే ఇంగ్లండులో తోటల పెద్ద ఫిలిప్ మిల్లర్ ఆ ఉమ్మడి కుటుంబాన్ని విడదీసి, ఒపన్షియా, సీరియస్ లాంటి పాత పేర్లను మళ్లీ నిలబెట్టాడు. 1789లో జుస్యూ మా అందరినీ ఒక కుటుంబంగా గుర్తించాడు. నన్ను 1818లో కాక్టస్ డిల్లీనీ అన్నారు. 1732లోనే మా బొమ్మలు అచ్చువేసిన డిల్లీనియస్ గౌరవార్థం పెట్టిన పేరది. మరుసటి ఏడాదే హావర్త్ నా ఇంటిపేరు మార్చి ఒపన్షియా డిల్లీనీ చేశాడు. 1969లో బెన్సన్ నన్ను విడి జాతి కాదు పొమ్మని, ఒపన్షియా స్ట్రిక్టాలో ఒక రకంగా కలిపేశాడు. నేను విడి జాతినా, రకాన్నా అన్నదానిపై ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. ఇంకో తమాషా ఉంది. 1905లో వియన్నాలో జరిగిన వృక్షశాస్త్రవేత్తల సభ కాక్టస్ అన్న ప్రజాతి పేరునే పక్కనపెట్టి, మామిల్లేరియా అన్న పేరుకు పట్టం కట్టింది. కుటుంబం పేరు కాక్టేసీగానే మిగిలింది గానీ, అందులో కాక్టస్ అనే ఇంటిపేరు గలవాళ్లు ఒక్కరూ లేరు.

ముళ్లుంటే చాలు కాక్టస్ అనుకుంటారు చాలామంది. అది పొరపాటు. నా పక్కనే ఉన్న బొంతజెముడుకూ ముళ్లున్నాయి, కండ ఉంది, ఆకులు లేనట్టే ఉంటుంది. కానీ కోస్తే పాలు కారుతాయి. అది యుఫోర్బియా, ఆముదం చెట్టు కుటుంబానిది. ఎండను తట్టుకునే తంటాలో మా ఇద్దరికీ ఒకే రూపు వచ్చిందే తప్ప చుట్టరికం లేదు. మా కుటుంబానికి అసలు గుర్తు కన్ను. శాస్త్రవేత్తలు ఏరియోల్ అంటారు. అది కుదించుకుపోయిన చిన్న కొమ్మ. ముల్లయినా, పువ్వయినా, కొత్త మట్టయినా అందులోంచే రావాలి. ముళ్లు రూపు మారిన ఆకులు. మీరు ఆకులనుకునే నా మట్టలు నిజానికి కాండాలు. నా శాఖవాళ్లకు పెద్ద ముళ్లతోపాటు కన్నుకన్నునా నూగుముళ్లుంటాయి. తాకితే చాలు, ఊడి చర్మంలో దిగుతాయి.

మమ్మల్ని ఒకప్పుడు నాలుగు శాఖలుగా చెప్పారు. నిజమైన ఆకులున్న పెరెస్కియాలు, పటగోనియా చలిలో బతికే మైహ్యూనియాలు, మేము ఒపన్షియాలు, మిగతా అందరూ ఉన్న పెద్ద శాఖ. డ్రాగన్ ఫ్రూట్ ఆ పెద్ద శాఖదే. మీ ఇళ్ల కుండీల్లో రాత్రిపూట పూసే బ్రహ్మకమలమూ అంతే. హిమాలయాల బ్రహ్మకమలం వేరు, అది చేమంతి కుటుంబానిది.

తగువు తెగకపోవడానికి కారణాలున్నాయి. మా కండ ఒళ్లు ఎండు నమూనాలు దాచే హెర్బేరియం కాగితం మీద ఒక పట్టాన ఆరదు, కాబట్టి పోల్చుకోవడానికి మంచి నమూనాలు తక్కువ. పైగా తేనెపిట్టను పిలవాల్సినవాళ్లకు ఒక తీరు పూలు, గబ్బిలాన్ని పిలవాల్సినవాళ్లకు మరో తీరు పూలు వస్తాయి. పువ్వుల పోలిక చూసి బంధుత్వం కలిపితే తప్పుతుంది. అందుకే 1919–23 నడుమ బ్రిట్టన్, రోజ్‌లు 124 ప్రజాతులు లెక్కగట్టగా, తర్వాత బాకెబర్గ్ రెండువందలు దాటించాడు. 2006లో డేవిడ్ హంట్ బృందం వాటిని కుదిస్తే మళ్లీ 124 దగ్గరికే వచ్చింది.

తర్వాత డీఎన్‌ఏ సాక్ష్యం వచ్చింది. ఒకే ఇల్లనుకున్న పెరెస్కియాలు రెండు వేర్వేరు పాయలని 2005లో తేలింది. డ్రాగన్ ఫ్రూట్ 2017లో హైలోసీరియస్ ఇంటిపేరు వదిలి సెలెనిసీరియస్ అయింది. మా దగ్గరి చుట్టాల్లో మీ పప్పులో వేసే గంగవాయిలి కూర ఒకటి! తోటకూర, బీట్‌రూట్ దూరపు బంధువులు. నా పండు తిన్న పిల్లల నోరు ఎర్రబడేదీ, బీట్‌రూట్ కోసిన చెయ్యి ఎర్రబడేదీ బీటలైన్లనే రంగుల వల్లే.

ఈ చుట్టరికాల గోల ఎవరికి కావాలంటారా? మా జెముళ్ల మీద బతికి ఎర్రరంగునిచ్చే కోచినీల్ పురుగు కోసం ఈస్టిండియా కంపెనీ వాళ్లు ఆశపడ్డారు. 1795లో బెంగాలుకు చేరింది అసలు రంగు పురుగు కాదు, దాని జ్ఞాతి. రంగు సరిగా రాలేదు గానీ, ఆ పురుగు ఒపన్షియా మోనకాంతాను ఊడ్చేసింది. నన్ను ముట్టుకోలేదు. నేను దక్షిణాదిన పొలాలూ బీళ్లూ ఆక్రమించాను. 1926లో శ్రీలంక నుంచి మరో జాతి కోచినీల్‌ను తెచ్చి వదిలితే, అది మా వాళ్లను ఎకరాలకు ఎకరాలు తుడిచిపెట్టింది. రెండు జెముళ్ల తేడా మనుషులకు పట్టలేదు, పురుగుకు పట్టింది. ఏ మొక్కకు ఏ పురుగు అన్నది తెలియాలంటే ముందు మొక్క పేరు సరిగ్గా తెలియాలి. వర్గీకరణ పుస్తకాల కాలక్షేపం కాదు.

కాబట్టి ముళ్ల మొక్క కనిపించగానే కాక్టస్ అనేయకండి. ముల్లు కన్నులోంచి వచ్చిందో లేదో చూడండి. గాటు పడిన చోట పాలు కారితే అది చాలావరకు మా కుటుంబం కాదు. ఆ పాలు కళ్లకు తగలనివ్వకండి. ఈ రెండు పరీక్షలూ చేస్తే వర్గీకరణలో మొదటి పాఠం మీకు వచ్చినట్టే.