నా ఒంటికి వేరే వేడి లేదు

నేను నీలకంఠ రొయ్య పిల్లను. నెల్లూరు జిల్లాలో ఒక మంచినీటి చెరువులో పెరుగుతున్నాను. బజారులో మా జాతిని స్కాంపి అంటారు. మనుషులకు చలేస్తే దుప్పటి ఉంది, ఎండైతే చెమట ఉంది. మాకు ఆ వసతి లేదు. నీరు ఎంత వెచ్చగా ఉంటే నా ఒళ్లూ అంతే. ఆకలి, అరుగుదల, ఊపిరి, గుల్ల విడవడం అన్నీ ఆ వేడి చెప్పినట్టే నడుస్తాయి.

అమ్మ పొట్ట కింద గుడ్డుగా అతుక్కుని ఉన్నప్పుడే నా మీద ఈ వేడి పెత్తనం మొదలైంది. 28 డిగ్రీల నీటిలో మా గుడ్లు పొదగడానికి సుమారు 20 రోజులు పడుతుంది. నారింజ రంగు గుడ్లు బూడిద రంగుకు తిరిగాయంటే మేము బయటికి రాబోతున్నామని, పిల్లలను పుట్టించే హ్యాచరీ వాళ్లకు తెలుస్తుంది. అప్పుడు అమ్మను ఉప్పు కలిపిన నీళ్లలోకి మారుస్తారు. మంచినీటి రొయ్యకు ఉప్పెందుకంటే, ఏటిలో బతికే మా అమ్మలు సముద్రపు పోటు తగిలే చోటికి దిగివెళ్లి పిల్లలను వదులుతారు. ఒట్టి మంచినీళ్లలో మా లార్వాలు కొద్ది రోజులకే చచ్చిపోతాయి. 1961లో పెనాంగ్‌లో షావో-వెన్ లింగ్ ఈ సంగతి కనిపెట్టారు. 1972 నాటికి హవాయిలో తకూజీ ఫుజిమురా బృందం మమ్మల్ని పెద్దఎత్తున పెంచే పద్ధతి తయారుచేసింది. నేను తొట్టెలో పుట్టగలిగానంటే అది వాళ్ల చలవే.

ఆ తొట్టెలో ఉప్పు లీటరుకు 12 గ్రాములు, వేడి 28 నుంచి 31 డిగ్రీలు. వెల్లకిలా తిరిగి, తోక ముందుకు పెట్టి ఈదేదాన్ని. రొయ్య రూపం రావడానికి 11 దశలు దాటాలి. వేడి నిలకడగా ఉంటే మూడు నాలుగు వారాల్లో చాలామందిమి గట్టెక్కుతాం. 25 దగ్గరికి పడిపోతే ఎదుగుదల మందగిస్తుంది, తొట్టెలో గడపాల్సిన రోజులు పెరుగుతాయి, జబ్బు తగిలే అవకాశమూ పెరుగుతుంది. 33 దాటితే మాకు ప్రాణాంతకమే. చలి రాత్రి కరెంటు పోయి హీటర్ ఆగిందంటే హ్యాచరీ కుర్రాళ్లకు నిద్ర ఉండదు. వాళ్ల కష్టం గురించి ఎవరూ చెప్పరు, అందుకే నేను చెబుతున్నాను.

అన్నిటికంటే నాకు భయం వేసింది చెరువులోకి వదిలిన రోజు. ఆక్సిజన్ పట్టిన ప్లాస్టిక్ సంచుల్లో మమ్మల్ని రాత్రంతా తీసుకొచ్చారు. దారిలో మా ఊపిరి నెమ్మదించాలని నీళ్లను కాస్త చల్లబరిచారు. గట్టు మీద ఒకాయన తొందరపడి సంచి ముడి మీద చెయ్యి వేశాడు. "అప్పుడే విప్పబాకన్నా, పిల్ల తట్టుకోలేదు," అని పక్కనున్న కుర్రాడు ఆపాడు. సంచులను ఒక అరగంట అలాగే నీళ్ల మీద తేలనిచ్చారు. చల్లటి ప్లాస్టిక్ మీద పట్టిన చెమ్మ మెల్లగా ఆరిపోయింది. ఆ తర్వాత గిన్నెడు గిన్నెడుగా చెరువు నీళ్లు లోపలికి పోశారు. అప్పుడు సంచి వంచితే మా అంతట మేమే ఈదుకుంటూ బయటికి వచ్చాం. నాలుగైదు డిగ్రీల తేడాను ఒక్కసారిగా మా మీద వేస్తే, ఆ నీరు మంచిదే అయినా మేము అడుగున పడిపోతాం. అలా పోయిన పిల్లలు పైకి తేలవు కాబట్టి రైతుకు నష్టం పట్టుబడి నాడే తెలుస్తుంది. నన్నడిగితే రొయ్య పిల్లల ధర బేరమాడే శ్రద్ధలో సగం ఈ అరగంట మీద పెట్టాలి.

చెరువులో నాకు సుఖం 29 నుంచి 31 డిగ్రీల మధ్య. 14కు దిగినా 35 దాటినా బతకడం కష్టం. మన దగ్గర చలి ప్రాణం తీసేంత ఉండదు గానీ, ధనుర్మాసంలో ఆకలి చచ్చిపోతుంది. అప్పుడూ మామూలు లెక్కన మేత వేస్తే అది అడుగున కుళ్లి నేను ఉండే చోటునే పాడు చేస్తుంది.

రోహిణి కార్తెలో బాధ వేరు. 25 డిగ్రీల నీటిలో లీటరుకు 8 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ కరుగుతుంది. 35 డిగ్రీల్లో 7 మించదు. నా ఒంటికేమో వేడి పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువ కావాలి. తెల్లవారుజామున అదీ అడుగంటుతుంది. వేడికి తొందరగా గుల్ల విడుస్తాం, ఒళ్లు మెత్తగా ఉన్న ఆ కాసేపట్లో తోటి రొయ్యలే పీక్కు తింటాయి. అందుకే మా చెరువులో కొబ్బరి మట్టలు వేశారు, వాటి సందుల్లో దాక్కుంటాను.

మా రైతు థర్మామీటరును తాడు కట్టి అడుగుదాకా దించుతాడు, తెల్లారి ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి. నిన్న కాలవ నీళ్లు పెట్టించి మట్టం నాలుగడుగులకు పెంచాడు. మధ్యాహ్నం పైన 34 చూపించినా అడుగున 31 దగ్గరే ఉంది. మేము తింటున్నామో లేదో చూడటానికి దించే చెక్ ట్రేలో నిన్న సాయంత్రం మేము మేత మిగల్చలేదు.