గుహల చీఫ్ ఇంజనీరు వాన గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ వర్షం గారికి,
చీఫ్ ఇంజనీరు, గుహల నిర్మాణ విభాగం,
గునుంగ్ ములు నేషనల్ పార్కు, సారవాక్, బోర్నియో దీవి, మలేషియా.

విషయం: ములు గుహలు – బుధవారం సాయంత్రం గబ్బిలాల ఊరేగింపు తమ కారణంగా రద్దగుట – అభ్యంతరం – తమ పనుల తనిఖీ నివేదిక సమర్పించుట – గురించి.

సూచిక: నా తడిసిన గొడుగు.

అయ్యా,

పై విషయమును పురస్కరించుకొని తమకు తెలియజేయునది ఏమనగా... ఈ భాషలో ముప్పై రెండేళ్లు రాశాను. రిటైరయ్యాక కూడా ఎందుకు? మామూలుగానే చెబుతాను.

నాది పల్నాడులో పిడుగురాళ్ల. ఊరి పేరులోనే పిడుగుంది కాబట్టి తమకూ మాకూ దూరపు చుట్టరికం ఉన్నట్టే. రోడ్ల పనుల్లో అసిస్టెంట్ ఇంజనీరుగా చేరి డి.ఇ.గా దిగిపోయాను. అంటే సర్వీసంతా తమతోనే తగాదా. రోడ్డుకు శత్రువులు ముగ్గురనీ, మొదటిది నీళ్లు, రెండోది నీళ్లు, మూడోది కూడా నీళ్లేననీ మా మేస్టారు కాలేజీలోనే చెప్పారు. చేరిన రెండో ఏడే ఒక వాగు మీద నేను వేయించిన తూము తమ దెబ్బకు కొట్టుకుపోయింది. రెండు పైపులు పడాల్సిన చోట ఒకటే వేయించాను. సంజాయిషీలో మాత్రం ‘అనూహ్యమైన భారీ వర్షము వలన’ అని తమ మీదికి తోసేశాను. నిజానికి ఆ రోజు పడింది ఓ మోస్తరు వానే. ఎదటివారి తప్పు ఎత్తబోయే ముందు మన ఖాతా సరిచూసుకోవాలి కనుక ఇది ముందే రాస్తున్నాను.

మా అమ్మాయీ అల్లుడూ అదే సారవాక్‌లో, మిరిలో ఉంటారు. చమురు ఊరు. అక్కడి నుంచి చిన్న పంకా విమానంలో అరగంట ఎగిరితే ములు. విమానం కాదంటే నదుల మీద పడవ ప్రయాణం, సరైన రోడ్డు లేదు. రోడ్ల ఇంజనీరును సరైన రోడ్డే లేని చోటికి పట్టుకెళ్లడం అల్లుడుగారి వేళాకోళమేమో అనుకున్నాను. కిటికీలోంచి చూస్తే కింద అడవి తప్ప మరేం లేదు, మధ్యలో టీ రంగు ఏరు. ‘ఇక్కడ రోడ్డు వేయాలంటే కిలోమీటరుకు ఎంతవుతుందో’ అన్నాను. ‘మీరు దిగేదాకా మాట్లాడకండి’ అంది మా ఆవిడ.

ఇక తనిఖీకి వస్తాను. మా దాంట్లో ఎం-బుక్ అని ఒకటుంటుంది; చేసిన పనిని కొలిచి అందులో రాస్తేనే బిల్లు. తమ పనికి ఎం-బుక్ తెరవాలంటే ఎవరి టేపూ చాలదు. 1974లో ములును నేషనల్ పార్కు చేశారు. 1977-78లో లండన్ రాయల్ జాగ్రఫికల్ సొసైటీ వాళ్లు దిగి పదిహేను నెలలు మకాం వేశారు. అప్పటి నుంచి ఒకరి తర్వాత ఒకరు కొలుస్తూనే ఉన్నారు. 2000లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది; వాళ్ల కాగితాల్లో కొలిచినంతవరకే కనీసం 295 కిలోమీటర్ల గుహలున్నాయి. పిడుగురాళ్ల నుంచి హైదరాబాదు వెళ్లి మళ్లీ బయలుదేరినా ఇంకా మిగులుతుంది. 1981లో ముగ్గురు ఇంగ్లీషువాళ్లు ములులో ఒక గుహలోకి ఏటివెంట ఎక్కి, గోడ ఎక్కడుందో చూద్దామని చీకట్లో నడిచారట. ఎంత నడిచినా దీపానికి అటు గోడా అందలేదు, పైన కప్పూ అందలేదు. అదే సారవాక్ చాంబర్. యునెస్కో కాగితాల ప్రకారం పొడవు 600 మీటర్లు, వెడల్పు 415, ఎత్తు 80. మధ్యలో ఒక్క స్తంభం లేదు. ఒక్క దూలం లేదు. పది మీటర్ల శ్లాబు కింద సెంట్రింగ్ విప్పే రోజు మేం దేవుడికి కొబ్బరికాయ కొట్టేవాళ్లం. నా మోకాళ్లు ఒప్పుకోవు కాబట్టి అది చూడలేదు. చూడని పనికి కొలతలు రాయడం మా దాంట్లో కొత్తేమీ కాదనుకోండి.

నేను కళ్లతో చూసింది డీర్ కేవ్. అక్కడి బెరవాన్ తెగవాళ్ల మాటల్లో గువా పయావ్, లేళ్ల గుహ. పార్కు ఆఫీసు నుంచి మూడు కిలోమీటర్లు చెక్కబాట. గైడు లేనిదే గుహలోకి పోనివ్వరు. మాకు వచ్చినవాడు పాతికేళ్ల కుర్రాడు, పెనాన్ తెగ పిల్లవాడు. వాళ్ల పూర్వులు ఒకచోట ఉండక అడవిలో తిరిగినవాళ్లు. నేను గుహ ద్వారం దగ్గర ఆగి, కంటితోనే అంచనా వేసి, ‘నూరు మీటర్లుంటుందా?’ అన్నాను. ‘నూట ఇరవై నుంచి నూట యాభై’ అన్నాడు వాడు నవ్వకుండా. 2009లో వియత్నాంలో సోన్ డూంగ్‌ను కొలిచేదాకా లోకంలో ఇంతకంటే పెద్ద గుహదారి లేదట.

నా మొదటి అభ్యంతరం ఇక్కడే. తమ పని వరస ఏమిటి? మేమైతే కింద అంతస్తు వేసి పైది లేపుతాం. తమరు పై అంతస్తు ముందు తొలిచి, తర్వాత కిందికి దిగారు. దీని సంగతి అల్లుడు విప్పి చెప్పాడు. ఆ కొండ నెమ్మదిగా పైకి లేస్తూ ఉంటుందట, వెయ్యేళ్లకు 19 సెంటీమీటర్ల చొప్పున. గుహల్లో ఏరు వేసిన మేటల్నీ, సున్నపు పేరుళ్లనూ పట్టి 1995లో ఆ లెక్క తేల్చారు. కొండ లేస్తుంది, ఏరు తన మట్టం వదలదు. కాబట్టి ఏరు కింద కొత్త దారి తొలుచుకుంటుంది. పాత దారి ఎండి మేడ మీది గదిలా మిగిలిపోతుంది. అంటే తమరు దిగలేదు, ఇల్లే లేచింది. వెయ్యేళ్లకు జానెడు లేచే ఇంటికి తొందరపడకుండా కింద గదులు తొలిచే మేస్త్రీ ఎక్కడైనా దొరుకుతాడా? మాకు పద్దెనిమిది నెలల అగ్రిమెంటుకే మూడుసార్లు గడువు పొడిగించాల్సి వచ్చేది.

రెండోది, సామగ్రి. రాయి మా ఊరి రాయే, సున్నపురాయి. పిడుగురాళ్లలో బట్టీల్లో బొగ్గు పరిచి కాలుస్తాం. రాయిలో ఉన్న గాలి ఎగిరిపోయి సున్నం మిగులుతుంది. చెట్ల ఆకుల మీదా, టీ కొట్టు రేకుల మీదా, మనుషుల కనుబొమ్మల మీదా ఆ తెలుపే. తమరు నిప్పు ముట్టించరు. నిప్పు లేకుండా ఎలా అనే ప్రశ్నకు జవాబు నాకు ఎనిమిదో తరగతిలోనే చెప్పారని లాంగ్ కేవ్ అనే ఇంకో గుహలో నిలబడ్డాక గుర్తొచ్చింది. సున్నపు తేట గాజు గొట్టంలో పోసి, చిన్న పైపుతో ఊదమనేవారు సైన్సు మేస్టారు. తెల్లగా పాలలా విరిగేది. అక్కడితో ఆపేవాళ్లం, మార్కులు పడేవి. ఒకడు మాత్రం ఆపకుండా బుగ్గలు నొప్పెట్టేదాకా ఊదాడు. ఆ పాలు మళ్లీ తేటనీళ్లయిపోయాయి! మేస్టారు వాణ్ణి తిట్టి కూర్చోబెట్టారు కానీ, తమ శాఖ రహస్యమంతా వాడి గొట్టంలోనే ఉంది. ఏడాదికి 4,000 మిల్లీమీటర్లు దాటి కురుస్తారక్కడ. అందులో ఐదోవంతు పడినా పల్నాడులో ఆ ఏడు పంటకు బెంగ ఉండదు. ఆ నీళ్లు కుళ్లిన ఆకుల మట్టిలోంచి దిగుతూ, మనం ఊదే గాలినే తమలో నింపుకుని, పుల్లబడి, రాయిని కరిగించుకుపోతాయి. అదే నీరు గుహ కప్పు నుంచి చుక్కగా వేలాడినప్పుడు ఆ గాలి పోతుంది. పట్టుకున్న సున్నం వదిలేస్తుంది. చుక్క మీద చుక్క, సున్నపు పేరుళ్లు మర్రి ఊడల్లా పైనుంచి దిగుతాయి, కింద నుంచి పుట్టల్లా లేస్తాయి. ఒకచేత్తో కరిగించి ఇంకోచేత్తో పోత పోయడం!

లాంగ్ కేవ్ చిన్నది, కానీ ఊడల పని అక్కడే బాగుంది. పడమటి దేశాల వాళ్లు కెమెరాలు పట్టుకుని మూలమూలా ఒంగి చూస్తుంటే నేను ఒక ఊడ కింద నిలబడి చుక్కలు లెక్కపెట్టాను. నిమిషానికి పదకొండు. రెండో నిమిషం పది. క్వాలిటీ కంట్రోల్ వాళ్లయితే దీని మీదే ఒక నోటు పెట్టేవాళ్లు.

ఒక్కచోట మాత్రం తమ పని మా వాళ్లకు తీసిపోయింది. డీర్ కేవ్ లోపలి నుంచి దక్షిణపు ముఖద్వారం వైపు వెనక్కి తిరిగి చూస్తే, వెలుతురుకు అడ్డంగా అబ్రహాం లింకన్ ముఖం కనిపిస్తుంది; గడ్డంతో సహా. గైడు చూపించగానే అందరూ ‘అబ్బా’ అన్నారు. మా ఆవిడ ‘మన బొర్రా గుహల్లో శివపార్వతులున్నారు, తల్లీబిడ్డా ఉన్నారు, రుషి గడ్డం కూడా ఉంది. ఇక్కడ అమెరికా ఆయన ఒక్కడేనా?’ అంది. దేవుళ్ల విషయంలో బొర్రా దగ్గరి గోస్తనీ నది చూపిన శ్రద్ధ ఇక్కడి ఏరు చూపలేదని నివేదికలో నమోదు చేయమంది, చేస్తున్నాను.

లోపల నేల అంతా గబ్బిలాల పెంట, గుట్టలు గుట్టలు. దాని మీద బొద్దింకలు తళతళా పాకుతున్నాయి. రెయిలింగు పట్టుకోవద్దని గైడు ముందే చెప్పాడు. పట్టుకున్నాక ఎందుకో తెలిసింది. గబ్బు అన్న మాట గబ్బిలం నుంచి వచ్చిందో, గబ్బిలమే గబ్బు నుంచి వచ్చిందో నాకు తెలీదు గానీ అక్కడ నిలబడ్డవాడెవడూ రెండింటినీ విడదీయలేడు.

ఇప్పుడు అసలు ఫిర్యాదు. ఆ గుహలో ముప్పై లక్షల గబ్బిలాలు వేలాడతాయని అంచనా. సాయంత్రం అయిదు దాటాక అన్నీ బయటికొస్తాయి. ఒక్కసారిగా కాదు, దండలు దండలుగా, పొగ తాడు పేనినట్టు, ఆకాశంలో మెలికలు తిరుగుతూ. గద్దలు కాచుకుని ఉంటాయి కనుక మెలికలు తిరగడం వాటి జాగ్రత్త. రాత్రంతా పురుగులు తిని తెల్లారేసరికి తిరిగొస్తాయి. ఇది చూడడానికి గుహ ఎదురుగా బెంచీలు వేశారు. నాలుగున్నరకే కూర్చున్నాం. దాదాపు అరవైమంది, ఏడెనిమిది దేశాల వాళ్లు, అందరి మెడలూ ఒకే వైపు ఎత్తి.

మాది పల్నాడు కదా, ఊరికే కూర్చుంటే జాషువా గుర్తొచ్చాడు. వినుకొండ మనిషి. 1941లో ‘గబ్బిలం’ రాసి, గుడి తలుపులు తెరుచుకోని మనిషి మొరను కాశీ విశ్వనాథుడికి గబ్బిలం చేత పంపాడు. అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందు కాళిదాసు యక్షుడి కబురు మేఘం చేత పంపించాడు. రెండు టపాలు: ఒకటి తమది, ఒకటి వాటిది. నాకూ ఒక కబురుంది, ఏ గబ్బిలానికైనా చెప్పి పంపుదామా అని నవ్వుకుంటున్నాను. ఆ తూము సంగతి.

సరిగ్గా అయిదు గంటల పది నిమిషాలకు తమరు వేంచేశారు.

ముందు చినుకులు. తర్వాత ధార. తర్వాత గుహ ద్వారమే కనపడలేదు. వానలో గబ్బిలాలు బయటికి రావని గైడు మెల్లగా చెప్పాడు, ఎవరి ఇంట్లోనో చావు కబురు చెబుతున్నట్టు. మేఘం వచ్చి గబ్బిలాన్ని ఆపేసింది. ఒక టపా ఇంకో టపాను అడ్డగించడం ఏ రూలు కింద వస్తుందో సెలవివ్వండి. ముప్పై లక్షల సిబ్బందిని ముందస్తు నోటీసు లేకుండా ఆ రాత్రికి పస్తు పెట్టే అధికారం చీఫ్ ఇంజనీరుకు ఎవరిచ్చారు? ఆరున్నర దాకా కూర్చున్నాం. మూడు కిలోమీటర్లు తడుస్తూ నడిచాం. చెక్కబాట పక్కన కప్పలు తమకు భజన చేస్తున్నాయి. ‘మీ తూముకు ఇప్పుడు బదులు తీర్చుకుంది’ అంది మా ఆవిడ. ఆమెకు నా సర్వీసు రికార్డు నాకంటే బాగా తెలుసు.

మర్నాడు పొద్దున క్లియర్‌వాటర్ గుహకు పొడుగు పడవలో వెళ్లాం. దారిలో పెనాన్‌ల ఊరి సంతలో మా ఆవిడ ఒక పేము బుట్ట కొంది. రెండొందల మెట్లెక్కితే గుహ నోరు. అక్కడ రెండు వింతలు. జీవితమంతా ఒకే ఒక్క ఆకుతో బతికే మొక్కలు రాయిని పట్టుకుని ఉన్నాయి. రెండో ఆకు వేసే ఉద్దేశమే వాటికి లేదు. ఇంకోటి, రాయే ముళ్లుముళ్లుగా వెలుతురు వైపు ఒరిగి ఉంది. కంటికి కనపడని పాచి వెలుతురు తగిలిన వైపు రాయిని తినేస్తూ వస్తుందట, ముళ్లు మాత్రం ఎండవైపు చూస్తూ మిగులుతాయి. పొద్దుతిరుగుడు పువ్వు చూశాను గానీ పొద్దుతిరుగుడు రాయి అక్కడే చూశాను. లోపలికి దిగితే ఏరు. రాత్రి మా గొడుగులు విరగ్గొట్టిన నీళ్లే కాబోలు, చల్లగా, చప్పుడు చేస్తూ, చీకట్లో పోతున్నాయి. ఒక గోడకు నడుమెత్తున నున్నటి గాడి ఉంది. ఏరు ఒకప్పుడు పారిన మట్టం. దాన్ని చేత్తో తడుముదామనిపించి, ముట్టుకోవద్దన్న బోర్డు చూసి ఆగిపోయాను. నేను పోసిన ఏ కాంక్రీటూ అంత నున్నగా రాలేదు.

కనుక తనిఖీ ఫలితం: పని ఇంకా జరుగుతూనే ఉంది. కంప్లీషన్ సర్టిఫికెట్ ఇవ్వడం కుదరదు. బిల్లు ఎవరూ పెట్టలేదు. లోపాలు రాయడానికి ఎం-బుక్‌లో వదిలిన పేజీలో లింకన్ సంగతి ఒక్కటే రాశాను. గబ్బిలాల ఊరేగింపు విషయంలో మాత్రం నా అభ్యంతరం అభ్యంతరమే. మళ్లీ వచ్చే ఫిబ్రవరికి అమ్మాయికి నెలలు నిండుతాయి, మేం ఎలాగూ వస్తాం. ఆ వారంలో ఒక్క సాయంత్రం, అయిదు నుంచి ఆరున్నర వరకు, తమరు వేరే డివిజన్‌కు క్యాంపు పెట్టుకోవలసిందిగా ప్రార్థన. పల్నాడు డివిజన్ అయితే మా వాళ్లు కాదనరు.

ఇట్లు,
తమ పాత ప్రతివాది,
విశ్రాంత రోడ్ల ఇంజనీరు, పిడుగురాళ్ల.

జతపరచినవి: విరిగిన గొడుగు ఊచలు – 3.

నకలు: 1. గబ్బిలాల వారికి, డీర్ కేవ్ – సమాచార నిమిత్తం. వాన లేని రోజున అందజేయవలెను.
2. ఒక పైపు తూము, పేరు రాయని వాగు – పాత ఫైలులో పెట్టుకొనుటకు.