వెయ్యి కిలోమీటర్ల గొప్ప

ఆంధ్రదేశంలో మైకు పట్టుకున్న ఏ నాయకుడైనా మూడో నిమిషానికల్లా సముద్రం దగ్గరికి వచ్చేస్తాడు. "మనకు 974 కిలోమీటర్ల తీరం ఉంది" అంటాడు, తానే దగ్గరుండి తవ్వించినట్టు. సభ చప్పట్లు కొడుతుంది. పార్టీ మారినా, ప్రభుత్వం మారినా అంకె మారదు. ఈ మధ్యే మారింది, అదీ కొలిచేవాళ్ల పుణ్యాన. కేంద్రం ప్రతి వంపూ, ప్రతి మొగా లెక్కేసి మళ్లీ కొలిస్తే మన తీరం 1,053 కిలోమీటర్లని తేలింది. దేశం మొత్తానికి 7,516 కాస్తా 11,098 అయింది. ఒక్క రేవు కట్టకుండా, ఒక్క ఓడ దించకుండా మన వాటాకి 79 కిలోమీటర్లు కలిసొచ్చాయి. ఇంత చవకైన అభివృద్ధి చరిత్రలో మరొకటి ఉండదు.

తీరం పొడుగును బట్టే సంపద వస్తుందనుకుంటే ఓ చిన్న లెక్క చూడండి. సింగపూర్ తీరం 193 కిలోమీటర్లు. పాత కొలతలో శ్రీకాకుళం జిల్లా తీరమూ సరిగ్గా 193 కిలోమీటర్లే. ఆ 193 మీదుగా 2024లో ఇరవై అడుగుల లెక్కన 4.1 కోట్ల కంటెయినర్లు కదిలాయి. ఈ 193 నుంచి మాత్రం మనుషులు కదులుతారు. ఎదురుగా సముద్రాన్ని పెట్టుకుని, రైలెక్కి గుజరాత్‌లోని వెరావల్ పోయి, అక్కడ ఎవరిదో బోటు మీద వేటకి దిగుతారు. 2018లో అలా వెళ్లినవాళ్లు పాకిస్తాన్‌కి చిక్కి, పద్నాలుగు నెలలు జైల్లో ఉండి, 2020 జనవరిలో వాఘా మీదుగా ఇరవై మంది బయటపడ్డారు. 2025లో ఆ కథ మీదే 'తండేల్' సినిమా వచ్చింది, ఈలలు కూడా వేశాం. వలస మాత్రం ఆగలేదు.

ఇక రేవులు. ఆ మాటకొస్తే మనం రేవులు కట్టమని ఎవరన్నారు? రాయి వేస్తాం.

బందరు కథ వినండి. 2008 ఏప్రిల్‌లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి శంకుస్థాపన చేశారు. పని దక్కిన కూటమికి మైటాస్ పెద్దదిక్కు. ఏడాది తిరక్కుండానే మైటాస్ యజమానుల సత్యం కంపెనీ కుంభకోణం బయటపడి, ఓడ రాకముందే ఆ పెద్దదిక్కు మునిగింది. తర్వాత నవయుగ కంపెనీ వచ్చింది. 2019 ఫిబ్రవరిలో, ఎన్నికలు రెండు నెలలున్నాయనగా, చంద్రబాబునాయుడు రెండో రాయి వేశారు. ఆగస్టుకల్లా కొత్త ప్రభుత్వం ఆ ఒప్పందాన్నే రద్దు చేసింది. 2023 మేలో, మళ్లీ ఎన్నికలు ఏడాదిలోకి వచ్చాక, జగన్మోహన్‌రెడ్డి తపసిపూడిలో మూడో రాయి వేశారు. మూడో రాయి తర్వాత పనులు నిజంగానే మొదలయ్యాయి, అది ఒప్పుకోవాలి. రాయిని సముద్రంలో వేస్తే బ్రేక్‌వాటర్ అవుతుంది, ఒడ్డున నిలబెడితే శిలాఫలకం అవుతుంది. ఈ తేడా తెలియడానికి మనకు పదిహేనేళ్లు పట్టింది. రామాయపట్నం కాస్త అదృష్టం చేసుకుంది, 2019లో ఒకటి, 2022లో ఒకటి, రెండే రాళ్లతో సరిపెట్టుకుంది. అన్నట్టు, 1611లో ఇంగ్లీషువాళ్లు ఇదే బందరులో కొట్టు తెరిచినప్పుడు ఏ రాయీ వేసినట్టు లేదు. బట్టలు కొన్నారు, ఓడలకెత్తారు.

రాతిమీద రాయించుకోవడం మనకు కొత్త కాదు లెండి. 1244 ప్రాంతంలో కాకతి గణపతిదేవుడు మోటుపల్లిలో శాసనం వేయించాడు. తుఫానుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకును పాత రాజులు లాక్కునేవారు, తాను లాక్కోననీ, నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోననీ అందులో వర్తకులకు మాటిచ్చాడు. మన శిలాఫలకాల మీద ఎమ్మెల్యే పేరుంటుంది, మంత్రి పేరుంటుంది, విశిష్ట అతిథి పేరూ ఉంటుంది. వర్తకుడికి ఇచ్చిన మాటే ఉండదు.

సరే, రేవులన్నీ కట్టేశామనుకుందాం. వాటిలోకి వచ్చే ఓడ ఎవరిది? మన దేశ విదేశీ వాణిజ్యంలో బరువు ప్రకారం 95 శాతం, విలువ ప్రకారం 70 శాతం సముద్రం మీదే సాగుతుంది. అందులో మన ఓడలు మోసేది 5 శాతం. ఒకప్పుడు 40 శాతం మోసేవి. విదేశీ ఓడలకు ఏటా ఆరు లక్షల కోట్ల రూపాయలు కిరాయి కడుతున్నామని, అది దాదాపు రక్షణ బడ్జెట్ అంత అని, 2025 సెప్టెంబరులో భావ్‌నగర్ సభలో ప్రధానే చెప్పారు. తప్పంతా పాత ప్రభుత్వాలదేనని కూడా చెప్పారు. తమ పదకొండేళ్ల సంగతి మాత్రం ఆ లెక్కలోకి రాలేదు. పెద్ద ఓడను మౌలిక వసతుల జాబితాలో చేర్చాలని ఆర్థికశాఖకు తోచింది కూడా ఆ 2025లోనే. అంతవరకూ రోడ్డు మౌలిక వసతి, రేవు మౌలిక వసతి. రేవులోకి వచ్చే ఓడ మాత్రం ఏదో షోకు సామాను కాబోలు.

అసలు బాధ విశాఖది. వాల్‌చంద్ హీరాచంద్ సింధియా కంపెనీ 1941లో అక్కడ ఓడల యార్డు మొదలుపెట్టింది. 1948 మార్చిలో నెహ్రూ వచ్చి 'జల ఉష' ఓడను నీళ్లలోకి దించారు. దక్షిణ కొరియాలో హ్యుందాయ్ వాళ్లు ఉల్సాన్‌లో యార్డు కట్టడం మొదలుపెట్టింది 1972లో. ఇవాళ ప్రపంచంలో తయారయ్యే ఓడల్లో చైనా, కొరియా, జపాన్‌ల వాటా తొంభై శాతం పైమాటే. ముప్పై ఒక్కేళ్లు ముందు బయల్దేరిన విశాఖతో కలిపి మన దేశం వాటా ఒక్క శాతం కూడా లేదు.

ఇప్పుడు ఓడల నిర్మాణానికని రూ.69,725 కోట్ల ప్యాకేజీకి కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. సంతోషం. మీ ఎంపీ ఊళ్లోకొస్తే, అందులో విశాఖ యార్డుకు ఎన్ని వాణిజ్య నౌకల ఆర్డర్లు వచ్చాయో అడగండి. రాయి ఎప్పుడు వేస్తారని మాత్రం అడక్కండి, రేపే వచ్చి వేసేస్తారు.