రంగు తక్కువ

మా వీధిలో ఎవరి కంప్యూటరు మొరాయించినా ముందు నాకే కబురొస్తుంది. నేనేమీ ఆ చదువు చదివినవాణ్ణి కాదు, నాకు షాపూ లేదు. పాత గాజు మానిటర్ల కాలం నుంచీ వాటితో కుస్తీ పడుతున్నాను, అంతే. వీధిలో నా హోదా ఆర్.ఎం.పి. డాక్టరుది. ఫీజు ఉండదు, కాఫీ ఉంటుంది, నయం కాకపోతే తిట్లూ ఉంటాయి.

ఎదురింటి బాబాయిగారి దగ్గర్నుంచి వచ్చిన కేసు మాత్రం కొత్తరకం. పిన్నిగారే స్వయంగా మా గేటు దాకా వచ్చారు.

"నువ్వొకసారి వచ్చి తేల్చాలి నాయనా. పిల్ల నలుపా, మన కంప్యూటరు నలుపా?"

విషయం ఇదీ. వాళ్ళబ్బాయికి పుణెలో ఉద్యోగం, ఇక్కడ తణుకులో వీళ్ళు సంబంధాలు చూస్తున్నారు. భిలాయిలో స్థిరపడ్డ తెలుగువాళ్ళ అమ్మాయి జాతకం కుదిరింది. తండ్రి అక్కడి ఉక్కు కర్మాగారంలో చేసి రిటైరయ్యారు. ఫోటో అందరికీ నచ్చింది. అంత దూరం రైలెక్కే ముందు పెద్దవాళ్ళు ఒకసారి వీడియోలో చూసుకుంటే మంచిదనుకున్నారు. అబ్బాయి చూడటం తర్వాతి సంగతట. ఫోనులో మొహాలు అగ్గిపెట్టెంత కనిపిస్తాయి కాబట్టి పెద్ద తెర మీదే చూడాలని బాబాయిగారి పట్టుదల.

చూశారు. ఫోటోలో తెల్లగా ఉన్న పిల్ల తెర మీద నల్లగా, పైగా కాస్త నీలం తిరిగి కనిపించింది.

"నాటకాల్లో కృష్ణుడి వేషం చూశానోయ్, మళ్ళీ ఆ పిల్లనే చూశాను" అన్నారు బాబాయిగారు.

"బొట్టు కూడా నల్లదే పెట్టుకుంది. అదేం ఫ్యాషనో!" అన్నారు పిన్నిగారు. "ఫోటోకి స్టూడియోవాడు మెరుగులు దిద్దాడని అప్పుడే అన్నాను. అయినా వాళ్ళ ముందు బయటపడలేదులే. ఈయన సౌండు కట్టేశాకే మాలో మేం అనుకున్నాం."

ఏమనుకున్నారో నేను అడగలేదు. మగపెళ్ళివారు తమలో తాము అనుకునే మాటలు మరీ అడిగి తెలుసుకోవలసినంత కొత్తవేం కావు.

ఇక్కడ అబ్బాయి గురించి ఒక్క మాట చెప్పాలి. మా కళ్ళముందు పెరిగినవాడే. మంచివాడు. రంగు చామనఛాయకి రెండు మెట్లు కింద. అదే రంగు ఎవరైనా ఆడపిల్లకుంటే పిన్నిగారు ఆ ఫోటోను రెండోసారి చూసేవారు కాదు. 2020లో ఓ పెద్ద పెళ్ళిసంబంధాల సైటు, జనం తిట్టిపోస్తే, ఒంటి రంగును బట్టి సంబంధాలు వడపోసుకునే వీలును ఎత్తేసింది. ఎత్తేస్తే ఏం, మా పిన్నిగారికి ఆ వడపోత కంట్లోనే ఉంది.

"వద్దనుకున్నాక ఇంకా తేల్చేదేముంది పిన్నిగారూ?" అన్నాను.

ఉంది. బెజవాడ నుంచి వచ్చిన మనవడు ఆ వీడియో నడుస్తుండగా కీబోర్డు మీద ప్రింట్ స్క్రీన్ నొక్కి, ఆ బొమ్మను వాళ్ళమ్మకి పంపాడు. ఆవిడ ఫోన్ చేసి, "పిల్ల నిక్షేపంలా ఉంది, మంచి రంగు కూడాను. ఎందుకు వద్దంటున్నారు?" అని తల్లిని నిలదీసింది. ఒకటే బొమ్మ. కూతురి ఫోనులో తెలుపు, ఇక్కడ నలుపు. పాపం, ఇద్దరికీ రెండు రోజుల్నుంచి నిద్ర లేదు.

ఆ ఒక్క ముక్కతో సగం రోగం దొరికిపోయింది. ప్రింట్ స్క్రీన్ అనేది తెరకు తీసే ఫోటో కాదు. కంప్యూటరు తెరకి ఏం పంపుతోందో ఆ లెక్కను లోపలే పట్టుకుని దాచడం. ఆ బొమ్మ బయట సరిగా కనబడిందంటే కంప్యూటరు పంపింది సరైన రంగే. పాడైతే దారిలో పాడవాలి, లేదా మానిటర్లో పాడవాలి. విండోసు మళ్ళీ వెయ్యడాలు, వైరస్ కోసం వెతకడాలు ఏవీ అక్కర్లేదు.

వెళ్ళి నోట్‌ప్యాడ్ తెరిచాను. తెల్లగా ఉండాల్సిన పేజీ నీలానికీ ఆకుపచ్చకీ మధ్య రంగులో ఉంది. పైన మూల ఉండే ఎర్ర ఇంటూ గుర్తు మీదికి మౌసు తీసుకెళ్తే నల్లగా వెలిగింది. నైట్ లైట్ అయితే కాదు. విండోస్ 10లో 2017 నుంచీ ఆ సదుపాయం ఉంది, రాత్రి కళ్ళకి హాయిగా ఉంటుందని నీలాన్ని తగ్గిస్తుంది. దాంతో తెర పసుపుపచ్చగా మారుతుంది. ఇక్కడ వ్యవహారం తిరగబడి ఉంది. తెలుపులోంచి ఎరుపు తీసేస్తే మిగిలేది ఈ రంగే. ఎర్రటి కుంకుమలోంచి ఎరుపు తీసేస్తే మిగిలేది నలుపు. అదీ ఫ్యాషన్ బొట్టు రహస్యం.

"ఎరుపు పోతే మొహం నల్లబడుతుందా?" అన్నారు బాబాయిగారు నమ్మలేనట్టు.

ఎవరిదైనా నల్లబడుతుంది. ఏ దేశంవాళ్ళైనా, ఏ ఛాయవాళ్ళైనా, మనిషి చర్మం మీంచి కెమెరాకి చేరే మూడు రంగుల్లో పెద్ద వాటా ఎరుపుదే. నోటితో చెబితే ఎక్కదని వాళ్ళబ్బాయి ఫోటోనే తెరిచాను. వాడి పళ్ళు, చొక్కా గుండీలు కనిపించాయి.

"మూసెయ్ నాయనా, మూసెయ్" అన్నారు పిన్నిగారు.

మానిటరు కింద ఉన్న మెనూ బటన్ నొక్కాను. బ్రైట్‌నెస్సు, కాంట్రాస్టు అంటూ వచ్చిన పెట్టెలో రంగులన్నీ మామూలుగానే ఉన్నాయి, ఎరుపుతో సహా. ఆ మెనూను మానిటరు తనంతట తాను గీసుకుంటుంది, కంప్యూటరుతో పనిలేదు. అంటే తెర బంగారంలా ఉంది. మిగిలింది కేబులు.

"టేబులు ఎప్పుడైనా జరిపారా బాబాయిగారూ?"

"అబ్బే, కొన్న దగ్గర్నుంచి కదపందే!" అన్నారు. ఒక నిమిషం ఆగి, "ఆ వేళ మాత్రం లోపలి గదిలోంచి హాల్లోకి తెచ్చాం. ఆ గదిలో గోడ పెచ్చులూడిపోయింది కదా, వాళ్ళకి కనబడితే బావుండదని. ఇక్కడైతే వెనకాల కొత్త కర్టెన్లు, షోకేసూ పడతాయి. వైర్లన్నీ నేనే పెట్టానోయ్, ఎవర్నీ పిలవలేదు" అన్నారు గర్వంగా.

మానిటరు వెనక్కి చెయ్యి పోవాలంటే అటూ ఇటూ ఉన్న స్పీకర్లు జరపాలి. కుడి స్పీకరు మీద సౌండు నాబ్, ఎడమకి చివరిదాకా తిప్పితే టిక్కుమని ఆగే పాతరకం. ఇదే గాజు తెర రోజుల్లో అయితే ముందు ఈ స్పీకర్ల మీదే అనుమానపడేవాణ్ణి. వాటిలోని అయస్కాంతం సోకి తెర మూలల్లో ఊదా, పచ్చ మరకలు పడేవి. డీగాస్ అనే బటన్ నొక్కితే తెర ఝుమ్మని ఒణికి మామూలయ్యేది. వీధి పిల్లలు పనిలేకపోయినా దాన్ని నొక్కిపోయేవాళ్ళు. ఇది ఎల్‌సీడీ, దీనికి అయస్కాంతాల బెడద లేదు.

నీలం మూతి ఉన్న వీజీఏ కేబులు ఊడదీశాను. 1987లో ఐబీఎం కంప్యూటర్లతో వచ్చిన పద్ధతి, మన ఇళ్ళలో ఇంకా చావలేదు. మూడు వరసలు, వరసకి ఐదు చొప్పున పదిహేను పిన్నులు. మధ్య వరసలో ఒకటి అసలే లేదు. అది చూసి కంగారుపడక్కర్లేదు, చాలా కేబుళ్ళు అలాగే తయారవుతాయి. చూడాల్సింది మొదటి వరస. ఒకటో పిన్ను ఎరుపు, రెండోది ఆకుపచ్చ, మూడోది నీలం. రెండోది పోతే తెరంతా గులాబీ ఊదా కలిసినట్టవుతుంది, మూడోది పోతే పసుపుపచ్చ. ఇక్కడ ఒకటో పిన్ను పక్కకి వాలి నేలకి అంటుకుపోయింది. బాబాయిగారు చీకట్లో తడుముతూ వంకరగా పెట్టి, ఎక్కకపోతే అరచేత్తో ఒక దెబ్బ వేసి ఉంటారు.

మనవడి పెన్నులోంచి ఖాళీ రీఫిలు తెప్పించి, ముల్లు లాగేసి, గొట్టాన్ని పిన్నుకి తొడిగాను. శ్రావణంతో పట్టుకుంటే ఇంత సన్న పిన్ను పుటుక్కున విరుగుతుంది. రీఫిలు గొట్టమైతే పిన్నును నలువైపులా పట్టుకుంటుంది, మెల్లగా లేపొచ్చు. లేపాను. కేబులు తిన్నగా నెట్టి, రెండు వైపులా మరలు బిగించాను. తెర వెలిగింది. పేజీ తెల్లగా ఉంది.

మనవడు దాచిన బొమ్మ తెరిచాడు. నుదుట ఎర్రటి కుంకుమబొట్టుతో అమ్మాయి నవ్వుతోంది.

"అయ్యో, పనసతొనలా ఉంది పిల్ల!" అన్నారు పిన్నిగారు. "చేజేతులా పోగొట్టుకునేవాళ్ళం. వాళ్ళకి ఇంకా ఏ మాటా చెప్పలేదు కదండీ?"

"చెప్పలేదు. ఆలోచించుకుని చెప్తామన్నాను, అంతే."

ఆలస్యం చెయ్యలేదు. అందరూ వినాలని స్పీకరు ఫోను పెట్టి మరీ కలిపారు బాబాయిగారు. మొన్నటిదాకా 'మాస్టారూ' అని పిలిచిన మనిషిని 'బావగారూ' అంటూ మొదలుపెట్టారు.

"మా తెరలో చిన్న లోపం ఉండి ఆ వేళ అమ్మాయిని సరిగ్గా చూడలేకపోయామండీ. ఇప్పుడే బాగుచేయించాం. మాకు నచ్చింది. ముహూర్తాలు పెట్టించమంటారా?"

"సంతోషమండీ" అన్నాడాయన. "మాకు మాత్రం ఏ లోపమూ లేకుండా అన్నీ చక్కగా కనిపించాయి. కర్టెన్లు బాగున్నాయని మా ఆవిడ కూడా అంది. ఒక్కటే సందేహం. పిల్ల రంగు తక్కువ కాబట్టి లాంఛనాల్లో ఇంకో పది లక్షలు కలిపి అడుగుదాం, ఎక్కడికి పోతారు, అన్నారు కదా. ఇప్పుడు రంగొచ్చేసింది గనక ఆ పదీ తీసేసినట్టేనా?"

సోఫాలో కూర్చున్న పిన్నిగారు లేచి నిలబడ్డారు. బాబాయిగారు ఫోను మీద అరచెయ్యి అడ్డం పెట్టి నా వైపు తిరిగారు.

"ఇదేంటోయ్! సౌండు పూర్తిగా కట్టేశాకే కదా మేం అనుకుంది! ఇదిగో, దీన్నేగా తిప్పాను!" అంటూ కుడి స్పీకరు నాబ్‌ను ఎడమకి ఆఖరిదాకా తిప్పి చూపించారు. టిక్కుమంది.

నేను మానిటరు నెత్తిన ఉన్న కెమెరా వైపు చూశాను. మైకు అందులోనే ఉంది. ఏం చెప్పాలా అనుకునేలోపు అరచేతి కిందనుంచి అమ్మాయి గొంతు వినబడింది.

"అంకుల్, మీరు వంగి దాన్ని తిప్పడం కూడా ఆ వేళ చూశాం. అది తిప్పితే మూగబోయేది మేము. మీరు కాదు."